బదనికయా, వాండాయా?
రాక్స్‌బర్గు గ్రంథములోని మూడు పటములపై ఒక విమర్శ

తుపాను వెలిసిన మరునాడు పల్లెలలో మొదట వినవచ్చునది గొడ్డలి చప్పుడు. బాట కడ్డముగా పడిన కొమ్మలను నరికి ప్రక్కకు లాగవలయును. ఆకును పశువులకు వేయవలయును. కట్టెను ఇంటికి చేర్చవలయును. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వద్ద తీరము దాటినప్పుడు నగరములోను, చుట్టుప్రక్కల గ్రామములలోను వేలకొలది చెట్లు కూలినవి. ఆ తొందరలో కొమ్మమీద ఏమున్నదని వంగి చూచుటకు ఎవరికి తీరిక యుండును?

అయినను పిల్లలు చూతురు. పరవాడలో ఒక విద్యార్థి అట్టి మామిడి కొమ్మనొకదానిని బడికి తెచ్చెననుకొందము. దానిమీద రెండు వరుసలుగా పేర్చినట్లున్న దళసరి ఆకుల మొక్క యొకటి కలదు. వెండివలె తెల్లని లావుపాటి వేళ్ళు కొన్ని బెరడును కరచుకొని యున్నవి. కొన్ని గాలిలో వ్రేలాడుచున్నవి. త్రోవలో ఎదురైన తాతగారు, “అది బదనికరా! మానుని పీల్చేస్తాది. పొయ్యిలో పెట్టేయ్” అని చెప్పియుందురు. ఉపాధ్యాయుడు పాఠ్యపుస్తకము తెరచును. అందు “వృక్షోపజీవి” అని యుండును. విద్యార్థి అడుగునవి రెండే ప్రశ్నలు: ఇది ఏమి మొక్క? ఇది బ్రతుకునా?

ఈ రెండు ప్రశ్నలకు సమాధానము వెదకుటకు ఈ తీరముననే పుట్టిన మహాగ్రంథమొకటి కలదు. విలియం రాక్స్‌బర్గు రచించిన ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అను ఆ గ్రంథము పై ప్రశ్నలకు ఎంతవరకు బదులు చెప్పగలదు, ఎక్కడ ఆగిపోవును అనునది విచారింపదగిన విషయము.

గ్రంథము, దాని పుట్టుక

రాక్స్‌బర్గు స్కాట్లండు దేశీయుడు. 1751లో జన్మించి, ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా 1776లో మద్రాసు చేరెను. తరువాత గోదావరి మండలమందలి సామర్లకోటలో చాలకాలము నివసించి, అచట తోటను పెంచి, పరిసరముల మొక్కలను సేకరించి వర్ణించెను. 1793లో కలకత్తా వృక్షశాస్త్రోద్యానమునకు అధిపతిగా వెళ్ళెను. ఆయనకు ముందు మద్రాసు రాజధానిలో కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా ఉన్న పాట్రిక్ రసెల్ విశాఖపట్టణముననే నివసించినవాడు; ఇచటి చేపలలో రెండువందల రకములను వర్ణించి 1803లో గ్రంథము ప్రకటించినవాడు. కావున ఈ తీరపు జీవరాసులను గూర్చిన ఆధునిక శాస్త్రపరిశోధనలో విశాఖపట్టణమునకు, సామర్లకోటకు మొదటినుండియు భాగము కలదు.

రాక్స్‌బర్గు పంపిన చిత్రములలో 300 ఎన్నుకొని, సర్ జోసెఫ్ బాంక్స్ పర్యవేక్షణములో 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములుగా లండనులో ముద్రించిరి. వీనికి మూలములైన చిత్రములను వ్రాసినవారు భారతీయ చిత్రకారులు. మొక్కను ఎదుట నుంచుకొని దాని సహజమైన కొలతతో, రంగులతో వ్రాసిన నేర్పు వారిది. గ్రంథకర్త పేరు, ప్రకాశకుల పేరు లోకమున నిలిచినవి; ఈ చిత్రకారుల పేర్లు అట్లు నిలువలేదు. ఇది గ్రంథమునందలి మొదటి లోటుగా చెప్పదగును.

మొదటి సంపుటములో 42, 43, 44 సంఖ్యలుగల పటములు వరుసగా మూడు ఆర్కిడ్లవి. అవి రాక్స్‌బర్గు పెట్టిన పేర్లలో ఎపిడెండ్రం టెస్సెల్లేటం, ఎపిడెండ్రం ప్రీమోర్సం, ఎపిడెండ్రం పెండులం. నేటి శాస్త్రమున వీని పేర్లు క్రమముగా వాండా టెస్సెల్లేటా, అకాంపే ప్రీమోర్సా, సింబిడియం అలోయిఫోలియం. మూడును చెట్లపై నివసించునవే. పరవాడ విద్యార్థి చేతిలోని మొక్క ఈ మూడింటిలో నొకటి యగుటకు అవకాశము హెచ్చు.

పేర్లలో దాగిన గుర్తులు

రాక్స్‌బర్గు ప్రతిభ ఆయన ఎన్నుకొన్న విశేషణములందే కనబడును. ‘టెస్సెల్లేటం’ అనగా గళ్ళు గళ్ళుగా నున్నది. వాండా పూవు రేకులమీద పసుపుపచ్చని నేలపై గోధుమరంగు గీతలు వలవలె అల్లుకొని గళ్ళు ఏర్పడును. ‘ప్రీమోర్సం’ అనగా కొన కొరికినట్లున్నది. అకాంపే ఆకు కొన సూదిగా ముగియక, ఎవరో పంటితో కొరికి వదలినట్లు హెచ్చుతగ్గుగా నుండును. ‘పెండులం’ అనగా వ్రేలాడునది. సింబిడియం పూగుత్తి పైకి లేవక, కొమ్మ క్రిందికి జాలువారును.

ఒక్కొక్క మాటలో ఒక్కొక్క గుర్తు. రాజుల పేర్లను, పోషకుల పేర్లను మొక్కలకు తగిలించుటకంటె ఇది ఎంతో మేలైన పద్ధతి. విద్యార్థి ఆ మాటకు అర్థము తెలిసికొన్నచో, ఎక్కడ చూడవలయునో పేరే చెప్పును.

కాని మూడవ పేరు శాస్త్రమున నిలువలేదు. మలబారు తీరమున రీడు అను డచ్చి అధికారి 1678 మొదలు 1693 వరకు ప్రకటించిన ‘హోర్టస్ మలబారికస్’లోని చిత్రము ఆధారముగా, లిన్నేయస్ 1753లోనే ఈ మొక్కకు ‘అలోయిఫోలియం’, అనగా కలబంద వంటి ఆకు కలది, అని పేరు పెట్టియుండెను. ముందు పెట్టిన పేరే చెల్లవలెనను నియమమున రాక్స్‌బర్గు పేరు ప్రక్కకు తప్పుకొన్నది.

చిరునామాయే పేరైనచో

ఇక అసలు దోషమును విచారింతము. పై మూడు మొక్కలు ఒకే ప్రజాతికి చెందినవి కావు. ముఖ్యముగా సింబిడియం పెరుగు తీరే వేరు. అయినను రాక్స్‌బర్గు మూడింటిని ‘ఎపిడెండ్రం’ అను ఒకే ప్రజాతిలో చేర్చెను. ఆ గ్రీకు మాటకు ‘చెట్టుమీదిది’ అని అర్థము. ఇది ఆయన ఒక్కని తప్పుకాదు. చెట్టుపై నివసించు ఆర్కిడ్లను ఆ గుంపులో వేయుట లిన్నేయస్ నాటి మర్యాద. మొక్క ఏమిటని అడిగినచో అది ఎక్కడ కూర్చున్నదో చెప్పుట! ఒక వీథిలో నివసించువారందరిని ఒకే యింటిపేరుతో పిలుచుట యెట్టిదో ఇదియు నట్టిదే.

1799లో స్వార్ట్జ్ సింబిడియం ప్రజాతిని ఏర్పరచెను. ఆ తరువాత లిండ్లే 1830 మొదలు 1840 వరకు ప్రకటించిన గ్రంథములో పూవులోని పుప్పొడి ముద్దల సంఖ్యను, నిర్మాణమును ఆధారముగా గైకొని ఆర్కిడ్లను చక్కగా విభజించెను. నివాసమును విడిచి దేహనిర్మాణమును చూచుటతో వర్గీకరణము దారిలో పడినది.

తెలుగువారు ఈ విషయమున రాక్స్‌బర్గును చూచి నవ్వుటకు వీలులేదు. మన ‘బదనిక’ అను మాటయు అట్టిదే. మామిడి కొమ్మలలోనికి వేరు దింపి రసము పీల్చు డెండ్రోఫ్తీ మొక్కను బదనిక అందురు. ఏ కీడు చేయని వాండానుగూడ కోడికాళ్ళ బదనిక అందురు. సంస్కృతమున సైతము ఇదే గందరగోళము. అమరకోశము ‘వందా’ అను మొక్కకు ‘వృక్షాదని’ అనియు, ‘వృక్షరుహ’ అనియు పర్యాయపదములు చెప్పుచున్నది. మొదటిదానికి చెట్టును తినునది అని అర్థము. రెండవదానికి చెట్టుపై మొలచునది అని అర్థము. ఈ వందా శబ్దమునే సర్ విలియం జోన్స్ ఆర్కిడ్‌కు పేరుగా గ్రహించెను. ఆయన రచన రాక్స్‌బర్గు మొదటి సంపుటము వెలువడిన 1795వ సంవత్సరముననే అచ్చయినది. అట్లు తినునదాని పేరు తినని దానికి అంటుకొని, నేడు ప్రపంచమంతటను వాండాగా చెల్లుచున్నది.

ఇప్పటి పాఠ్యపుస్తకముల మాట యైన ‘వృక్షోపజీవి’యు నిర్దోషము కాదు. ఉపజీవించుట యనగా ఒకరిపై ఆధారపడి బ్రతుకు గడపుట. విద్యార్థి ఆ మాటను విన్నంతనే చెట్టు అన్నము పెట్టుచున్నదని తలచును. తరువాతి వాక్యములో “ఇది పరాన్నజీవి కాదు” అని ఉపాధ్యాయుడు ఎంత చెప్పినను, పేరు వేసిన ముద్ర చెరగదు. అమరకోశము నాటి ‘వృక్షరుహ’ యను మాట ఇంతకంటె ఎంతో సత్యము. దానిని పాఠ్యపుస్తకములు గ్రహించుట మంచిది.

ఇది కేవలము మాటల తగవు కాదు. పేరు తప్పైనచో గొడ్డలి తప్పుచోట పడును. తోటమాలి చెట్టును రక్షించుచున్నానని తలచి నిరపరాధియైన మొక్కను గీకి పారవేయును.

బ్లేడుతో తీరు వివాదము

చెట్టును తినునదియో, చెట్టుపై కూర్చున్నదియో తేల్చుటకు తరగతిలోనే చేయదగిన పరీక్ష యొకటి కలదు. ఉపాధ్యాయుడే పదునైన బ్లేడుతో, మొక్క కొమ్మను అంటియున్న చోట అడ్డముగా కోసి చూపవలయును. నిజమైన బదనికలో కొమ్మ ఉబ్బి, బదనిక కణజాలము బెరడును చీల్చుకొని కట్టెలోనికి చొచ్చియుండును. ఈ చొచ్చుకొనిపోవు భాగములకు చూషకములని పేరు. వాండా వేరు అట్లుకాదు. అది బెరడు పైననే ఆగిపోవును. నెమ్మదిగా లేవనెత్తినచో బెరడు చెక్కుచెదరక క్రింద కనబడును.

ఆ వేరుమీద ఒక చుక్క నీరు వేసినచో ఇంకొక వింత తెలియును. వెండిరంగు క్షణములలో ఆకుపచ్చగా మారును. వేరు చుట్టును మృతకణములతో నిర్మితమైన స్పాంజి వంటి పొర కలదు. దీనిని వెలామెన్ అందురు. పొడిగా నున్నప్పుడు కణములలో గాలి నిండి తెల్లగా కనబడును. తడిసినప్పుడు నీరు నిండి, లోపలి పత్రహరితము బయటికి కనబడును. వాన నీటిని, బెరడుపై పారు లవణములను ఈ పొర చప్పున పీల్చి లోపలికి అందించును. ఆహారమును మొక్క తానే సూర్యరశ్మితో తయారు చేసికొనును. వాండా వంటి దళసరి ఆకుల ఆర్కిడ్లలో పత్రరంధ్రములు ముఖ్యముగా రాత్రివేళ తెరచుకొని బొగ్గుపులుసు వాయువును గ్రహించి నిలువచేయును. పగలు మూసికొని నీటిని కాపాడుకొనును. చెట్టునుండి దానికి కావలసినది చోటు మాత్రమే.

పూవు లేనప్పుడు

రాక్స్‌బర్గు పటములకు రెండవ పరిమితి ఇది: అవి పూచిన మొక్కల చిత్రములు. పూవే ప్రమాణముగా వర్గీకరించు శాస్త్రమున ఇది సహజము. గాంబుల్ ఆరంభించిన మద్రాసు రాజధాని వృక్షజాల గ్రంథములో, ఆయన 1925లో మరణించిన పిమ్మట ఫిషర్ వ్రాసి 1928లో ప్రకటించిన ఆర్కిడ్ల భాగమునకును పూవే ప్రధానము. కాని ఈ మూడు మొక్కలు తరచుగా పూచునది వేసవి పరిసరములందు; మన తీరమున పెద్ద తుపానులు హెచ్చుగా వచ్చునది అక్టోబరు, నవంబరు నెలలలో. కొమ్మ పడినప్పుడు పూవుండదు. పూవున్నప్పుడు మొక్క చేతికందదు.

కావున పూవు లేని మొక్కను గుర్తించుటకు ఉపాధ్యాయుడు వేరొక వరుసను అనుసరింపవలయును. మొట్టమొదట కాండము పెరుగు రీతిని చూడవలయును. ఒకే కాండము కొననుండి ఏటేట పైకి పెరుగుచు, ఆకులు ఇరుప్రక్కల రెండు వరుసలుగా నుండి, కాండము ప్రక్కలనుండి వేళ్ళు వెలువడుచున్నచో అది వాండా గాని, అకాంపే గాని, వాని బంధువు గాని కావచ్చును. అట్లుగాక, మొదట అనేక పిలకలు గుంపుగా లేచి, ఒక్కొక్క పిలక అడుగున ఉబ్బిన మిథ్యాకందము ఆకుల తొడుగులలో దాగియున్నచో సింబిడియం కావచ్చును.

తరువాత ఆకును చూడవలయును. వాండా ఆకు ఇరుకైనది. నడుమ మడిచిన కాగితమువలె లోతైన గాడి కలది. అకాంపే ఆకు అంతకంటె వెడల్పు, తోలువలె మందము, బిరుసు. సింబిడియం ఆకు పట్టీవలె పొడవుగా, దళసరిగా నుండి వంగును. కొన మొద్దుగా రెండు తమ్మెలుగా నుండును. ఆకులు సన్నని పుల్లలవలె గుండ్రముగా నున్నచో అది ఈ మూడింటిలోను చేరక, లూయిసియా ప్రజాతికి చెందియుండవచ్చును.

ఇచట ఒక జాగ్రత్త అవసరము. వాండా ఆకు కొనయు కొరికినట్లే హెచ్చుతగ్గుగా నుండును. ‘ప్రీమోర్సం’ అను పేరును మాత్రమే నమ్మి కొనను చూచి తీర్పు చెప్పినవాడు వాండాను అకాంపే యనును. ఒక్క గుర్తుతో తీర్పు చెప్పరాదు. ఆకులతో ప్రజాతి వరకు ఊహింపవచ్చును. జాతిని నిశ్చయించుటకు పూవు రావలయును. చీటీమీద “వాండా కావచ్చును” అని వ్రాసి, తేదీని, చెట్టు పేరును, ఊరి పేరును చేర్చి యుంచుట శాస్త్రీయము. తెలియనిదానిని తెలిసినట్లు వ్రాయుట శాస్త్రమునకు ద్రోహము.

పూవు వచ్చువరకు

పూవు రావలెనన్న మొక్క బ్రతుకవలయును. రాక్స్‌బర్గు గ్రంథము మొక్కను గుర్తించుటకే గాని పెంచుటకు వ్రాసినది కాదు. అయినను పై విషయములు తెలిసినవానికి పెంపకము వానిలోనుండియే బయలుపడును.

వాండాకు, అకాంపేకు మట్టి పనికిరాదు. వానిని మట్టికుండలో పాతిపెట్టుట ప్రేమతో చేయు హత్య. మట్టిలో వెలామెన్ ఎల్లప్పుడు తడిసియుండి, గాలి అందక వేరు కుళ్ళును. కొమ్మ గట్టిగా నున్నచో మొక్కను దానినుండి ఊడదీయరాదు. అంటిన వేళ్ళకు ఇరుప్రక్కల జానెడు కొమ్మను ఉంచి రంపముతో కోసి, మునుపున్న దిక్కుగనే వ్రేలాడదీయవలయును. కొమ్మ పుచ్చియున్నచో, బెరడు ముక్కతోసహా మొక్కను తీసి, గరుకు బెరడుగల మామిడి వంటి చెట్టునకు నూలుగుడ్డ పట్టీతో కట్టవలయును. బెరడు ఊడిపోవు జామ, జామాయిల్ చెట్లు దీనికి తగవు. క్రొత్తవేళ్ళు బెరడును పట్టుకొన్న తరువాత కట్టు విప్పవలయును. సింబిడియం తొఱ్ఱలలోని చివికిన ఆకుపోగులో పెరుగు అలవాటుగలది గనుక, బొగ్గుముక్కలు, కొబ్బరిడొక్క ముక్కలు వేసిన చిల్లుల బుట్టలో దానిని ఉంచవచ్చును.

ఉదయపుటెండ తగులవలయును, మధ్యాహ్నపుటెండ ఆకుల జల్లెడలో వడకట్టుకొని రావలయును. నీరు ఉదయమున పోయవలయును. వేళ్ళు పచ్చబడినంతనే చాలింపవలయును. సాయంకాలమునకు అవి తిరిగి వెండిరంగు పొందవలయును. వేసవిలో దినదినము, చలికాలమున రెండు మూడు దినముల కొకసారి చాలును. వానకాలమున వానయే పోయును. సముద్రతీర గ్రామములలో కొన్ని బావుల నీరు ఉప్పగా నుండును. అట్టి నీటికంటె పట్టియుంచిన వాననీరు మేలు. ఎరువునకు తొందర వలదు. క్రొత్తవేరు కొనలు పచ్చగా బయలుదేరిన తరువాతనే మిగుల పలుచగా చల్లవచ్చును.

ఇంత శ్రమ ఒక్క మొక్కకేల యని అడుగవచ్చును. ఆర్కిడ్ కాయలో ధూళివలె అసంఖ్యాకముగా విత్తనములుండును. కాని వానిలో నిలువ ఆహారము లేదు. తగిన శిలీంధ్రము తోడు దొరికినగాని విత్తనము మొలకెత్తి పెరుగజాలదు. ఈ సంబంధమును ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నోయెల్ బెర్నార్ 1899లో కనుగొనెను. శిలీంధ్రము లేకయే చక్కెరగల పోషకద్రవముపై విత్తనములను మొలపించు పద్ధతిని అమెరికాలో నడ్సన్ 1922లో ప్రకటించెను. ప్రయోగశాల లేని బడిలో విత్తనములు చల్లి వాండాను మొలపింపజాలము. కొమ్మపై పెరిగి పూతకు వచ్చిన మొక్క అనేక సంవత్సరముల అదృష్టమునకు ఫలము. అది పొయ్యిలో పడినచో అంత సులభముగా మరల రాదు.

ఇందులకు ఒక హద్దు కూడ కలదు. ఊరి బాటలోనో, తోటలోనో పడిన కొమ్మను యజమాని అనుమతితో తెచ్చుట వేరు. అడవికి పోయి తెచ్చుట వేరు. కంబాలకొండ వంటి అభయారణ్యములలో, రక్షితారణ్యములలో పడిన కొమ్మనైనను అనుమతి లేక తీయరాదు. అచట పడిన కొమ్మ అచటనే ఒక ప్రక్క చెట్టు మొదట ఆనుకొన్నచో, దానిపై మొక్క తన బ్రతుకు తాను చూచుకొనవచ్చును. చెట్టుమీద క్షేమముగా నున్నదానిని ఊడబెరకి “రక్షించితిమి” అనుట రక్షణము కాదు.

తీర్పు

రాక్స్‌బర్గు మూడు పటములు నేటికిని చూడదగినవి. గ్రంథమంతయు అంతర్జాల గ్రంథాలయములలో ఉచితముగా లభించుచున్నది గనుక, పరవాడ ఉపాధ్యాయుడు ఒకప్పుడు శ్రీమంతుల గ్రంథాలయములకే పరిమితమైన ఆ పటములను చేతిలోని ఫోనులోనే విద్యార్థులకు చూపవచ్చును. అందలి గీత, రంగు, విశేషణములలోని నిశితదృష్టి శిరోధార్యములు. మొక్కను దాని చిరునామాతో పిలిచిన ‘ఎపిడెండ్రం’ మాత్రము విడువదగినది. దానితోపాటు వాండాకు మనము తగిలించిన ‘బదనిక’యు విడువదగినదే.

లోపించినది వేరొక పుస్తకము. పూవు లేనప్పుడు మొక్క యెట్లుండునో, వేరు తడిసినప్పుడు, ఆరినప్పుడు ఎట్లుండునో, నిజమైన బదనిక ప్రక్కన పెట్టినచో భేదమేమో చూపుచు, ఉత్తరాంధ్ర పల్లెల పేర్లతో తెలుగులో వ్రాసిన చిన్న పుస్తకము. దానిని ఒక్క పండితుడు వ్రాయనక్కరలేదు. ప్రతి తుపాను తరువాత ఒక్కొక్క బడిలో ఒక్కొక్క కొమ్మను వ్రేలాడదీసి, ఆకును కొలిచి, పూవు వచ్చిన తేదీని గుర్తించిన చీటీలు పోగైనచో, ఆ పుస్తకము దానంతట అది తయారగును. అప్పుడు తాతగారికి మనుమడు కోసిన కొమ్మను చూపి, “తాతా, ఇది మానులోకి దిగలేదు, చూడు” అని చెప్పగలడు.